వల జేబు సంచి

అలగడానిక్కూడా ఓ అదను ఉండాల మావా! ఎవులైనా ఇంట్లో పని నేనప్పుడు అలుగుతారు. నువ్వేటి, మంచం మీన కుట్టీసిన సంచులు కుప్పపడి ఉంటే, ఒక్కదానికీ జేబు నేకుంటే, ఆ జేబు అల్లాల్సిన మనిసి తువ్వాలు భుజాన ఏసుకుని రైలెక్కీసినాడు!

అదైనా నాతోటి సెప్పినావా? నేదు. పక్కింటి అసిరమ్మతోటి సెప్పినావు. నాను కొలాయి కాడ నీల్లు పడతంటే ఆవిడొచ్చి, "మీ ఆయన కొత్తవలస ఆల్ల అప్పింటికి ఎల్లిపోనాడు గదే గున్నమ్మా, నీకు తెల్దేటి?" అన్నాది. పెల్లానికి తెల్దు, అసిరమ్మకి తెలుసు. బాగున్నాది వరస!

సర్లే. మాట్నాడవు. నీ తోడబుట్టిన అప్ప గుమ్మంలోనే సెప్పీసినాది. "గంగరాజు కాడ నీ పేరెత్తితే నోరు మూసీసుకుంటన్నాడు, నువ్వే పడు తల్లీ" అని టీ గ్లాసు నా సేతిలో ఎట్టి వంటింట్లోకి ఎల్లిపోనాది. నాను తెచ్చిన ఎండుసేపలు వేపుతన్నాది. వాసన తగుల్తన్నాదా? నీ ముక్కు అలగనేదు గదా?

పొద్దస్తమానం ఈ అరుగు మీన కూకుని కిరండోలు గనుల్నుంచొచ్చే గూడ్సు బల్లని సూస్తన్నావట. సముద్రం సూసిన కల్లకి ఆ ఇనప రాయిబల్లలో ఏటి కనిపిస్తన్నాదో నాకైతే తెల్దు.

నువ్వు మాట్నాడకపోతే మానీ. నాను మాట్నాడతాను. ఆమదాలవలసలో రైలెక్కినాను, ఇజీనారం దాకా నిలబడే వచ్చినాను. అంత గుంపులో నాతోటి పలికే నాధుడు నేడు. మాటలన్నీ కడుపులో అలగే ఉన్నాయి.

అసలీ సంచుల గోల మొదలెట్టింది ఎవులు? నానా? నువ్వే!

నీ రెక్క పట్టీసిన ఏడాది సంగతి సెప్తన్నాను. వల లాగుతంటే తాడు మెలేసీసి కుడి రెక్క ఇరుక్కుపోనాది. సికాకులం డాక్టరు అటూ ఇటూ తిప్పి సూసి, "ఇంక బరువులు లాక్కూడదు" అనీసినాడు. ఆయనకేటి, అనీసి ఇంకో మనిసిని పిలిసీసినాడు. నువ్వు ఇంటికొచ్చి గుమ్మంలో కూకున్నావు. కూకున్నోడివి కూకున్నట్టే. పెద్ద మబ్బొకటి ఇంట్లోకొచ్చి కూకున్నట్టుండీది మావా. నాను సేపల గంప నెత్తినెట్టుకుని ఎల్లీటప్పుడూ ఆ మబ్బే, తిరిగొచ్చీటప్పుడూ ఆ మబ్బే. పడవలెల్లే యేలకి నువ్వు ఒడ్డుకెల్లి, అందరి పడవలూ నీల్లలోకి తోసీసి, ఒక్కడివీ ఎనక్కి నడిసొచ్చీవోడివి. నాను సూడనట్టు ఊరుకునీదాన్ని.

ఆ రోజుల్లోనే సేతులు ఊరికే ఉండలేక, చిరిగిపోయిన వలలోంచి మంచి దారం తీసి సిన్న జేబొకటి అల్లినావు. ఎందుకల్లినావో నీకే తెల్దు. నాను దాన్ని ఓ దలసరి గుడ్డసంచికి పక్కన కుట్టీసి, మన పిల్ల అనూరాధకి ఇచ్చినాను. ఎచ్చెర్ల యూనివర్సిటీలో సీటొచ్చినాది, పుస్తకాలు దేంట్లో అట్టుకెల్తాది మరి? బజారులో బేగు కావాలని ఆ గుంట అడగనేదు. అడగనందుకే నాకు బాదేసింది.

ఆ సంచి తగిలించుకుని సిన్నబుచ్చుకుంటాదేమో అనుకున్నాను. వారం తిరక్కుండా ఫోను! "అమ్మా, హాస్టల్లో అందరూ ఇదెక్కడ కొన్నావని అడుగుతన్నారే! వల జేబులో నీల్ల బాటిలు ఎడితే బయటికి కనిపిస్తాది కదా, అదే బాగున్నాదట!"

సిత్రం కాదేటి? మనం సేపల్ని పట్టే వలలో ఆల్లు నీల్ల బాటిల్ని పడతన్నారు.

ఆల్లకీ ఈల్లకీ కుట్టి ఇచ్చినాం. తరవాత అనూ ఫొటోలు తీసీసి ఫేసుబుక్కులో ఎట్టీసినాది. 'గున్నమ్మ సంచులు' అని పేరు. నాను ఒద్దన్నాను. మీ నాన్న పేరెట్టు, ముడులన్నీ ఆయనవే గదా అన్నాను. అప్పుడేటన్నావు? "సంచులకి మగోడి పేరేటి, నవ్విపోతారు" అని నువ్వు కాదేటి అన్నావు? అనీసి, ఆ పేజీని రోజుకి పదిసార్లు తెరిపించి సూసుకునీవోడివి. నాకు తెల్దనుకోకు.

మొదటి సంచి హైదరాబాదు ఎల్లినాది. ఆ కొరియరు ఆఫీసులో నరసింగరావుగారు నన్ను ఎంత ఏడిపించినాడో! "పార్సిల్లో ఏముంది?" అన్నాడు. సంచండి అన్నాను. "సంచిలో ఏముంది?" ఏటీ నేదండి అన్నాను. "ఏమీ లేని సంచిని హైదరాబాదు దాకా ఎవరైనా పంపుతారా, నిజం చెప్పమ్మా" అని పార్సిలు ఇప్పించీసినాడు. సంచి తీసి, తలకిందులు సేసి, దులిపి సూపించినాను. అక్కడున్నోల్లంతా నవ్వు. ఆయన కూతురు కూడా ఇప్పుడు మన సంచే అట్టుకు తిరుగుతన్నాది, అది ఏరే సంగతి.

అంత కష్టపడి పంపితే, ఎల్లినట్టే తిరిగొచ్చీసినాది! సేపల కంపట. ఆవిడ ఫోను సేసి, ముక్కు మూసుకుని మాట్నాడినట్టు మాట్నాడినాది. నాకు ఒల్లు మండిపోనాది. "సేపలోల్ల సంచి సేపల వాసన రాకపోతే సంపెంగి పూల వాసనొస్తాదేటమ్మా?" అనీసినాను. అనూ నా సేతిలో ఫోను లాగీసుకుని "సారీ మేడం, సారీ మేడం" అనుకుంట ఇల్లంతా తిరిగినాది.

ఆ పూట గంగమ్మ తల్లికి సెప్పీసినాను, అమ్మా ఈ యాపారం మనకి పడదు అని. నువ్వేటి సేసినావు? ఎల్లి దారమంతా కుంకుడు రసంలో నానబెట్టీసినావు. ఎండలో పరిసినావు. ఆనక, అనూ సంటిపిల్లప్పుడు దాని తల ఆరబెట్టినట్టే, గంప బోర్లించి, కింద సాంబ్రాని పొగేసి, సంచిని ఆ గంప మీన కప్పీసినావు! నాను పగలబడి నవ్వినాను. "సంచికి పురుడు పోస్తన్నావేటి మావా?" అన్నాను.

మల్లీ పంపినాం. ఆవిడేటి రాసినాది? "సంచి తెరిస్తే గుళ్లోకి వెళ్లినట్టుంది, మా చెల్లికీ ఒకటి పంపండి" అని రాసినాది. అప్పట్నుంచీ మన పేటలో ఎవులింట్లో సాంబ్రాని వాసనొచ్చినా, గున్నమ్మ సంచులు బయల్దేరినాయి అంటారు.

అలగ బాగానే ఉండీది. నానింక సేపల గంప ఒగ్గీసినాను. నువ్వు గుమ్మంలో కూకుంటే మబ్బు కూకున్నట్టు ఉండడం మానీసినాది. ఎర్ర గుడ్డకి నీలం దారం ఎయ్యాలని నువ్వు, తెల్లదే ఎయ్యాలని నాను. రోజూ దెబ్బలాట. ఎంత బాగుండీదో ఆ దెబ్బలాట! అనూకి పరీచ్చలొస్తే నానే ఫోన్లో మాట రికార్డు సేసి సంచులడిగినోల్లకి పంపీదాన్ని. "అమ్మా, నీ సంచి కుడతన్నాను, కంగారు పడకు, అన్నం తిన్నావా" అని. ఆల్లకి అదీ నచ్చీసినాది. నీ మాట ఇంటే మా అమ్మ గుర్తొచ్చినాదని ఒక పిల్ల ఏడిసినాది కూడా.

ఇంక ఆ ఫొటో. దాని మూలానే గదా ఇంతా!

నాను తియ్యమననేదు మావా. అనూ తీసినాది. నువ్వు బోర్లించిన పడవ మీన కూకున్నావు, సంచి భుజానున్నాది, సముద్రం కేసి సూస్తన్నావు. గెడ్డం గీసుకోనేదు. సొక్కాకి ఓ గుండీ నేదు. ఇదేటి ఫొటో, ఊల్లోవోల్లు సూస్తే నన్నే అంటారు, మొగుడి సొక్కాకి గుండీ కుట్టనిది ఊరందరికీ సంచులు కుడతన్నాదని, అనుకున్నాను. అనూ ఇంటాదా? ఎట్టీసినాది.

ఓలమ్మ! ఎంతమంది సూసినారు! ఈ అంకులెవరు అని ఒకలు, అంకులేటి, హీరోలాగున్నాడు అని ఒకలు. సంచి గురించి అడిగినోల్లు తక్కువ, నీ గురించి అడిగినోల్లు ఎక్కువ. నీకూ సంబరంగానే ఉండీది. అన్నం తిన్నాక, "ఏటే అనూ, ఇయ్యాల ఎవులేటి రాసినారు?" అని అడిగీవోడివి. గెడ్డం గీసుకోడం మానీసినావు, ఫొటోలోలాగే ఉండాలని! కాదను సూద్దాం.

అద్గో, మూతి అలగ తిప్పకు.

అప్పుడు పడినాది, నీతోటి వేటకెల్లిన ఆ సోములు నోరు. ఒడ్డున అందరి ముందూ అన్నాడట. "ఏటి బావా, అప్ప కుడితే నువ్వు మోస్తన్నావా? సముద్రం మానీసి, బేగుల కొట్టులో బొమ్మలాగ నిలబడతావేటి ఇంక?" అందరూ నవ్వినారు. నువ్వూ నవ్వినావట. అసిరమ్మ పెనిమిటి సెప్పినాడు. నువ్వూ నవ్వినావని సెప్పీసరికి నాకు బయమేసింది మావా. తిట్టుంటే బాగుణ్ణు.

ఇంటికొచ్చినావు. కంచం ముందు కూకుని లేచిపోనావు. ఏటయింది అంటే ఏటీ నేదు. అడిగినకొద్దీ ఏటీ నేదు, ఏటీ నేదు. తెల్లారీసరికి నువ్వే నేవు.

ఆ మాట నీకెక్కడ గుచ్చుకున్నాదో నాకు తెల్దనుకుంటన్నావా? సంచి మోసినావని కాదు. బొమ్మ అన్నాడని కాదు. "సముద్రం మానీసి" అన్నాడు సూడు, అక్కడ. నువ్వు మానీనేదు. నీ రెక్క మానిపించీసినాది. ఇప్పటికీ గాలి తిరిగితే నిద్దట్లో లేసి కూకుంటావు, ఆ సంగతి పక్కన పడుకున్న నాకు తెలుసు, సోములికేటి తెలుస్తాది?

కోపం ఆడి మీనొచ్చినాది, అలక నా మీన సూపించినావు. సర్లే. ఎవుల మీన సూపిస్తావు మరి. ఉన్నదాన్ని నానే గదా.

నువ్విలగ ఎల్లినావో నేదో, ఇజీనారం నుంచి ఫోను. బాలసరస్వతిగారు. వీన నేర్పుతారు సూడు, ఆ మేస్టారమ్మ. దసరాకి ఓ సంచి తెప్పించుకున్నారు. ఆవిడ మామూలుగా మాట్నాడినా పాటలాగే ఉంటాది. "గున్నమ్మగారూ, మా శిష్యులతో చిన్న కచేరీ పెట్టుకున్నామండీ. అందరికీ మీ సంచులు ఇవ్వాలని నా కోరిక. పాటల పుస్తకం, శ్రుతి పెట్టె పట్టాలి. ఆ వల జేబు మాత్రం తప్పకుండా ఉండాలి సుమండీ!"

గున్నమ్మగారు! నాను ఎనక్కి తిరిగి సూసినాను, ఇంకెవులినైనా అంటన్నారేమో అని. ఆ సంబరంలో "అలగేనమ్మా" అనీసినాను. అనీసినాక గుర్తొచ్చినాది, జేబులు అల్లీవోడు అలిగి ఎల్లిపోనాడని.

నానే అల్లినాను. ఏటి, నవ్వొస్తన్నాదా? పుట్టిన కాడ్నుంచీ వలలు సూస్తన్నాను, ఇదేమైనా బ్రమ్మవిద్దా అనుకున్నాను. అల్లి, బాటిలెట్టి ఓపాలి ఊపినాను. బాటిలు ముడుల్లోంచి జారి, గడప దాటి, కోడిపెట్ట మీన పడినాది. ఆ పెట్ట ఇంక మన వాకిట్లోకి రావడం మానీసినాది. అసిరమ్మ అల్లినాది. ఆవిడ జేబులో ఎట్టిన బాటిలు మల్లీ బయటికి రానేదు. కోసి తీసినాం.

అప్పుడొచ్చినాడు సోములు.

సేపలు గుడ్లెట్టీ కాలమని వేట బందు గదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. గుమ్మంలో నిలబడి కాలి బొటనేలితోటి మట్టి గీస్తన్నాడు. "అప్పా, బావ నేడా?" అన్నాడు. నేడు, నీ నోటి పున్నెమా అని కొత్తవలస ఎల్లిపోనాడు అన్నాను. మొకం దించీసుకున్నాడు. "సరదాకి అన్నానప్పా. నాకు వల పట్టుకోడం నేర్పింది బావే. ఆయన నేకుండా పడవెక్కితే మాకు మాత్రం బాగుంటాదేటి? ఆ ఉడుకుమోత్తనం అలగ వచ్చీసినాది" అన్నాడు.

ఆడు ఉడుక్కున్నాడంట మావా! నువ్వు పడవ మీన నేవని ఆడికి కోపం. ఆ కోపం నీ మీనే ఎల్లగక్కీసినాడు. మీ మగోల్ల తెలివి ఏటని సెప్పను?

ఆ మాట అనీసి, నాను అడక్కుండానే వల సూది అందుకుని నీ సోటులో కూకోబోనాడు. అక్కడ కాదు, అవతల కూకో అన్నాను. నీ సోటులో ఎవుల్నీ కూకోనీనేదు. సరేనా?

మర్నాడు ఇంకొందర్ని తోలుకొచ్చినాడు. ఒడ్డున నిన్ను సూసి నవ్వినోల్లే! అంతంత మీసాలేసుకుని మన వాకిట్లో బారుగా కూకుని, ఆడపిల్లల సంచులకి జేబులు అల్లినారు. తోవలో ఎల్లే ఆడోల్లు నిలబడి కిసుకు కిసుకు నవ్వుతంటే ఒక్కడూ తలెత్తనేదు. సోములైతే, ఆల్ల ఆవిడ నీల్లకెల్తా ఆగి, "నాకూ ఓటి అల్లవయ్యా" అని అందరి ముందూ అడిగినాది. ఆడు సెవులదాకా ఎర్రబడిపోనాడు. అల్లి ఇచ్చినాడులే.

ఏటలగ సూస్తన్నావు? ఓహో. ఇంకా సగం పని మిగిలుంటాది, అందుకే ఇది నన్ను తీసుకెల్లడానికి వచ్చినాది అనుకుంటన్నావు. నీ మొకంలో కనిపిస్తన్నాది.

కాదు మావా. ఆ పని అయిపోనాది. సంచులన్నీ సాంబ్రాని పొగ పీల్సుకుని ఇజీనారం ఎల్లిపోనాయి కూడా.

బాలసరస్వతిగారు ఇయ్యాల పొద్దున్న ఫోను సేసినారు. "అందాయండీ, ఎంత బాగున్నాయో! పిల్లలు అప్పుడే భుజాన తగిలించుకుని తిరుగుతున్నారు" అన్నారు. నాను ఎగిరి గంతెయ్యాల గదా? అంతలో, "ఒక్కమాట, ఏమీ అనుకోకండి. నా సంచికి జేబు అల్లినవారు ఇవి అల్లలేదు కదూ?" అన్నారు. "ఇవీ బాగున్నాయండీ, గట్టిగా ఉన్నాయి. కాని చెయ్యి వేరు" అన్నారు.

మా ఆయనమ్మా, ఊరెల్లినాడు అన్నాను.

"వస్తారా?" అన్నారు.

మామూలు మాటే. ఆవిడ మనసులో ఏటీ నేదు. వస్తాడమ్మా అనాల నాను. నా నోటమ్మట "తెల్దమ్మా" అని వచ్చీసినాది.

నువ్వెల్లిన కాడ్నుంచీ నాను నిన్ను తిట్టినాను, ఎక్కిరించినాను, వాకిట్లో అందరితోటీ నవ్వినాను. నువ్వు రావేమో అన్నది మాత్రం మనసులోకి రానీనేదు. ఆవిడ అడిగీసరికి అది ఎదురుగా వచ్చి నిలబడినాది. ఫోను పెట్టీసి, ఎండుసేపలు మూటకట్టి, దొరికిన ఆటో ఎక్కీసినాను. సీర కూడా మార్సుకోనేదు, సూడు. ఇంటికి తాలమేసినానో నేదో గుర్తు నేదు. అసిరమ్మ సూసుకుంటాదిలే, ఆవిడకి మన సంగతులన్నీ మనకంటే ముందే తెలుస్తాయి గదా.

ఇంకోటి కూడా సెప్పీస్తాను. ఆ ఫొటో తీయించీసినాను. పేజీలో నేదు ఇప్పుడు. అనూ ఒప్పుకోనేదు, "అదే మన పేజీకి పేనం అమ్మా" అని మొత్తుకున్నాది. తీసీమన్నాను.

నీ పరువు కోసం తీయించినాననుకుంటన్నావేటి? పరువూ నేదు, ఏటీ నేదు. బెంగులూరు నుంచి ఎవుతో రాసినాది. "ఈయన కళ్లు చూస్తే సముద్రమే చూసినట్టుంది" అని! అనూ సదివి నవ్వినాది. నానూ నవ్వినాను. నవ్వీసి వంటింట్లోకెల్లి పప్పు మాడబెట్టీసినాను. ఇన్నేల్ల కాపరంలో ఆ కల్లల్లోకి నాను అలగ సూసినానా? పొద్దున్న లేస్తే గంప, పొయ్యి, మిసను. ఎక్కడో కూకున్న ఆవిడ సూసీసినాది, ఇంట్లో ఉన్నదాన్ని నాను సూడనేదు. ఎంత కుల్లుకున్నానో నీకేటి తెలుసు!

పేజీలోంచి తీసీసినాం గానీ, నా ఫోన్లో ఉన్నాది. నువ్వెల్లిపోనాక రోజూ సూసుకుంటన్నాను. అనూకి సెప్పకు.

ముడుల కోసం రానేదు మావా. ముడులు సోములు ఏస్తాడు, ఇంకోడు ఏస్తాడు. మనిసి కోసం వచ్చినాను.

ఛీ, పెల్లీడుకొచ్చిన కూతుర్ని ఎట్టుకుని ఏటి మాటలివి! వచ్చీసినాయి, ఏటి సేస్తాం. మీ అప్ప ఇనీసుంటాది, తలుపు ఎనకాలే నిలబడి ఉన్నాది, కాలి యేలు కనిపిస్తన్నాది.

రావా? రాకపోతే మానీ. నానూ ఎల్లను. మీ అప్పకే ఇసుగొచ్చి మనిద్దర్నీ గెంటీసీదాకా ఈ అరుగు మీనే ఉంటాను.

జరుగు. ఇంకొంచెం జరుగు మావా, నాను కూకుంటాను.